నోటితో చెప్పకూడని మాట

జూన్ 10

ఈ రోజు బూదికోటలో ఆడవాళ్లకు ఫోన్ భద్రత క్లాసు. ఈ ఏడాది నేను చెప్పిన క్లాసులన్నిట్లోకీ ఇదే గొప్పది. నాకు నేనే చెప్పుకుంటున్నాను కాబట్టి డంబం అనుకునేవాళ్లు లేరు.

పాల సంఘం మేడ మీద గది. చాపలు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. ఎప్పటిలాగే మొదట తెర మీద హ్యాకర్ బొమ్మ వేశాను. తల మీదికి నల్లటి ముసుగు, ముఖం ఉండాల్సిన చోట చీకటి. చెన్నమ్మ అనే ఆమె చాలాసేపు చూసి, "ఎవురు సార్ ఈయప్ప? జ్వరమొచ్చిందా, అట్ల కప్పుకోనుండాడు?" అంది. గదంతా నవ్వు. అక్కడి నుంచి క్లాసు నా చేతిలోకి వచ్చింది.

భద్రత అంటే పెద్ద శాస్త్రమేమీ కాదని చెప్పాను. మనది ఇంకొకరు చూడకూడదు, ఇంకొకరు మార్చకూడదు, మనకు కావలసినప్పుడు మన చేతికి అందాలి, అంతే. ఆ తరువాత ఫోన్ల బీగాల దగ్గరికి వచ్చాను. అందరికీ చుక్కల మీద గీత గీసే బీగమే. సవిత అనే అమ్మాయి ఫోన్ తీసుకుని కిటికీ వెలుతురుకు వాలుగా పట్టుకున్నాను. గాజు మీద వేలి జిడ్డు ఎటు నుంచి ఎటు పోయిందో కనిపిస్తూనే ఉంది. దాని మీదే నా వేలు నడిపించాను. తెరుచుకుంది. "అయ్యో దేవుడా" అన్నారు. చప్పట్లు కొట్టారు.

ఇక గీతలొద్దు, మాటలు పెట్టండి అన్నాను. ఏం మాట పెట్టేదని అడిగారు. పుట్టిన తేదీ వద్దు, పిల్లల పేర్లు వద్దు, ఊరి పేరు వద్దు. మరేం పెట్టేది? అప్పుడు నా నోటి నుంచి దానంతటదే వచ్చింది: "మీరు నోటితో ఎప్పుడూ చెప్పని మాట ఏదైనా ఉంటే అది పెట్టుకోండి. ప్రాణం పోయినా పైకి అనకూడదు." ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, తలలు వంచుకుని, ఇంగ్లీషు అక్షరాలు వెతుక్కుంటూ కొట్టారు. ఏం శ్రద్ధ అనుకున్నాను.

సరిగ్గా పెట్టారో లేదో చూద్దామని తిరిగాను. అక్కయమ్మ అని సవిత అత్త, నోరు తెరవకుండా ఫోన్ నా ముందు పెట్టింది. దొడ్డమునియప్ప అని ఉంది.

"ఎవరమ్మా ఈయన?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్క నుంచి చెన్నమ్మ అందుకుంది. "వాళ్లాయన పేరు సార్. ఆయమ్మ చెప్పకూడదు గదా."

"మరి మీదేం పెట్టినారు?"

చెన్నమ్మ కూడా ఫోనే చూపించింది, నోరు విప్పలేదు. పిల్లప్ప. ఆ పక్కన బచ్చప్ప. వరసగా అందరివీ మొగుళ్ల పేర్లే! ఆఖరికి సవితది కూడా. మునేష్. ఈ కాలం పిల్ల, పీయూసీ చదివింది, మొగుడిని పేరు పెట్టి పిలిచినా ఆశ్చర్యపోను. అయినా అదే పెట్టింది.

మార్పించాలి అనుకున్నాను. కానీ బస్సుకు టైమైపోయింది. వచ్చే క్లాసులో చూసుకోవచ్చు.

దిగి వస్తుంటే సవిత మెట్ల దగ్గర ఆపింది. వేమగల్ వైపు ఫ్యాక్టరీకి పోయిన నెల నేనే ఆమె చేత దరఖాస్తు పెట్టించాను, ఇంటర్వ్యూ అయిందట. "బాగా చేసినాను సార్. ఇంట్లో ఇంగా చెప్పలేదు. మెసేజ్ వస్తే అప్పుడు చెప్తాను. మీరూ ఎవురికీ చెప్పొద్దండి." అంత ఆశ ఎందుకమ్మా అని అడిగాను. "మెడలో కార్డు ఏసుకోవాల సార్. నా ఫోటో, నా పేరు ఉండేది" అంది.

బస్ స్టాండ్ దగ్గర నంజుండప్ప హోటల్లో కాఫీ తాగుతూ బీగాల సంగతి చెప్పాను. ఊరి ఆడవాళ్లందరి ఫోన్లకూ మొగుళ్ల పేర్లే బీగాలని. పాల బండి తోలే నందీశ్ కాఫీ ముక్కులోకి పోయి దగ్గాడు. నంజుండప్ప మళ్లీ చెప్పమన్నాడు, మళ్లీ చెప్పాను. రెండో కాఫీ ఆయనే పోశాడు.

నేత్ర ఇప్పుడే వంటింట్లోంచి "ఏం రాస్తా ఉండారు అంతసేపు" అంది. మా ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే. కానీ అందరూ చదివింది కన్నడ బడిలో. తెలుగు అక్షరం తెలిసింది నాకొక్కడికే, అదీ గనిలో పని చేసిన మా తాత ఇంటి అరుగు మీద దిద్దించినందువల్ల. ఈ డైరీ మంచం మీద పడేసి పోయినా భయం లేదు. ఇంతకు మించిన బీగం ఏ కంపెనీ వాడూ చెయ్యలేడు.

జూన్ 11

రాబర్ట్‌సన్‌పేట ఆఫీసులో చెప్పాను. ఓబలప్ప సార్, మా ట్రైనింగులకంతా పెద్ద, కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు. దీన్ని స్లైడుగా పెట్టమన్నాడు.

జూన్ 17

బైరకూరులో క్లాసు. కొత్త స్లైడు వేశాను. బాగా నవ్వారు. ఊరి పేరు చెప్పలేదు. ఒక ఊర్లో అన్నాను. ఎవరో "బూదికోటేనా సార్" అని అడిగితే చిరునవ్వు నవ్వానంతే. చిరునవ్వు నవ్వడం చెప్పడం కాదు.

జూన్ 26

సవిత ఫోన్ చేసింది. గొంతు గుర్తుపట్టలేదు మొదట.

వాళ్ల వీధిలో రక్షిత అనే పిల్లకు ఫ్యాక్టరీలో వచ్చిందట. సోమవారం నుంచి బస్సెక్కి పోతోందట. "నీకూ వచ్చింది గదక్కా మెసేజ్, ఎందుకు రాలేదు" అని ఆ పిల్ల అడిగితే సవితకు తెలిసింది. ఈమె ఫోన్లో ఏ మెసేజూ లేదు.

"సార్, రాలేదా, వచ్చి పోయిందా? యాడికి పోతాది సార్ మెసేజ్?"

నెట్‌వర్క్ ఉండదమ్మా మీ ఊళ్లో, కనుక్కుంటానని చెప్పాను. ఫ్యాక్టరీ ఆఫీసులో మాట్లాడే అమ్మాయి నంబర్ నా దగ్గరుంది. అడిగితే వెంటనే ఫోటో పంపింది. వాళ్లు పంపిన మెసేజ్, దాని కింద సవిత నంబర్ నుంచి పోయిన జవాబు. కన్నడలో. ఇంట్లో పురుగులు ఉన్నాయి, నేను పనికి రాను, మళ్లీ పిలవొద్దు.

వద్దన్నవాళ్లను మళ్లీ పిలవడం వాళ్ల పద్ధతి కాదని కూడా ఆ అమ్మాయి చెప్పింది.

జూన్ 27

ఎవరైనా చేసి ఉండొచ్చు. ఆ ఫోన్ ఎంతమంది చేతుల్లోకి పోతుందో. పిల్లలు ఆడుకుంటారు. నాకేం తెలుసు.

జూన్ 28

సవిత ఫోన్ పట్టుకుని ఆఫీసుకే వచ్చేసింది. బూదికోట నుంచి బంగారపేటకు ఒక బస్సు, అక్కడి నుంచి ఇక్కడికి ఇంకొకటి. తెల్లారే బయలుదేరినట్టుంది, జడలో ఇంకా మల్బరీ ఆకు ముక్క ఉంది. వాళ్లది పట్టుపురుగుల ఇల్లు.

"నేనేమన్నా నొక్కరానిది నొక్కినానా సార్? మీరు చెప్పినారు గదా, తెలియని లింకు నొక్కొద్దని. పోయిన వారం ఒక లాటరీ మెసేజ్ వచ్చె. నొక్కలేదు సార్. నొక్కలేదనే అనుకుంటా ఉండాను. వేలు తగిలిందేమో."

ఫోన్ తీసుకున్నాను. చూడాల్సినవన్నీ చూశాను. వేరే యంత్రమేదీ ఆమె ఖాతాకు కలిసి లేదు. కొత్తగా వచ్చి చేరిన యాప్ లేదు. వైరస్ వెతికే యాప్ వేసి చూపించాను, పచ్చ గుర్తు వచ్చింది. అంటే బయటి నుంచి ఎవరూ రాలేదు. ఫోన్ చేత్తో పట్టుకుని, బీగం తీసి, మెసేజ్ చదివి, జవాబు రాసి, రెండూ తుడిచేసిన మనిషి. ఆ ఇంట్లో కన్నడ రాయగలిగి, పురుగుల గురించి పట్టింపు ఉండి, తన పేరు తనకు తెలిసిన మనిషి.

"హ్యాకర్ పనమ్మా" అన్నాను.

"ఏ ఊరాయన సార్?"

"ఏ ఊరని చెప్పలేం. ఢిల్లీ కావచ్చు. చైనా కావచ్చు."

"చైనా ఆయప్పకు నా పని మీద ఏం కోపం సార్?"

నేను వాళ్ల పద్ధతులు వేరుగా ఉంటాయని ఏదో అన్నాను. సర్వర్లు, డేటా, నాకే తెలియని మాటలు కొన్ని. ఆమె ఫ్యాక్టరీ వాళ్లు పంపిన ఫోటో చూపించమంది. చూపించాను. చైనావాడు రాసిన కన్నడ. ఇంట్లో పురుగులు ఉన్నాయి. ఆమె రెండుసార్లు చదివింది.

"సరే సార్. నాదే ఏదో తప్పయింటాది" అని లేచింది.

కాదమ్మా, నీ తప్పు కాదు అని నేను అనలేదు. ఆమె తప్పు తనమీదే వేసుకుని పోతుంటే, హాయిగా ఉందని రాయడానికి సిగ్గుగా ఉంది. హాయిగానే ఉంది మరి. వీధి మలుపు తిరిగేదాకా. ఆ తరువాత ఇప్పటిదాకా లేదు.

జూన్ 30

బస్సుకు టైం కాలేదు. ఆ రోజు. నంజుండప్ప హోటల్లో రెండు కాఫీలు తాగేంత టైం ఉంది నాకు. బీగాలు మార్పించడానికి అందులో సగం చాలు.

మార్పించి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. నిజం అది. ఆ ముచ్చట పాడు కాకూడదని వదిలేశాను.

జూలై 1

మునేష్‌ను నిలదీద్దామని పోయాను. దారి పొడవునా మాటలు సిద్ధం చేసుకున్నాను. ఒకరి ఫోన్ తెరవడం నేరం, చట్టం ఉంది, పోలీసులున్నారు, ఇలాంటివి.

పురుగుల షెడ్డులో ఉన్నాడు. పురుగులు నాలుగో జ్వరం, అంటే కుబుసం విడిచే నిద్ర, లేచాయట. ఆ నిద్ర నుంచి లేచాక అవి తినే తిండికి ఆకు కోసేవాళ్లకు నడుము పడిపోతుంది. షెడ్డంతా వాన పడుతున్నట్టు చప్పుడు, అవి నమిలే చప్పుడు. సవిత తోటలో ఉంది. మునేష్ నా కంటే పొట్టి, నెమ్మదస్తుడు, నన్ను చూడగానే చేతిలో గంప దించి స్టూలు వేశాడు.

"ఆ ఫోన్ తెరిచింది నువ్వేనా అప్పా?" అన్నాను.

"నేనే సార్."

బుకాయిస్తాడనుకున్నాను. నా మాటలన్నీ బుకాయించేవాడి కోసం సిద్ధం చేసుకున్నవి.

"అది తప్పు కాదా? దొంగతనం కాదా?"

"నా పేరు కొట్టినాను, తెరుచుకొనె. నా పేరుతో నేను తెరిస్తే దొంగతనమెట్లవుతాది సార్?"

"నీ పేరని నీకెవరు చెప్పినారు?"

అతను నా వంక చూశాడు. కోపంగా కాదు. ఇంత చదువుకున్నవాడికి ఇది కూడా తెలియదా అన్నట్టు.

"మీరే గద సార్. ఆ పొద్దు నంజుండప్ప హోటల్లో. నందీశు పాల బండి ఆపిన చోటల్లా చెప్పినాడు. ఇంగ నాకు పేరే పోయింది. 'యోవ్ బీగం, యాడికి పోతా ఉండావు' అంటారు. 'బీగమన్నా, తెరుచుకోనుండావా, మూసుకోనుండావా' అంటారు. సంఘంలో పాలు పోసేదానికి పోతే నవ్వు. నిజమేనా చూద్దామని తీసినాను సార్ ఫోను. అంతే. తెరుచుకుంటే ఒక గడియ సంతోషమే అయింది. నా పేరు పెట్టుకోనుండాదే అని."

గంపలో ఆకు సర్దాడు.

"అప్పుడే కనిపించె, ఆ మెసేజ్. బయట నా పేరు బీగమేసి, లోపల నాకు చెప్పని పని పెట్టుకోనుండాది. కడుపు మండింది సార్. మా అమ్మకు మోకాళ్లు పనిచెయ్యవు. ఆకు కోసేదెవురు, ఏసేదెవురు? కొట్టేసినాను జవాబు. ఆ పొద్దు నుంచి నాకూ బాగలేదు. సవిత మొహం చూడలేకుండా ఉండాను."

నేను వచ్చింది ఎందుకో మర్చిపోయాను. లేచి నిలబడ్డాను. ఏదైనా అనాలి కదా అని, "పోనీ, ఎవరికీ చెప్పనులే అప్పా" అన్నాను.

"చెప్పొద్దండి సార్ ఇంగ" అన్నాడు మునేష్. "ఎవురికీ ఏమీ చెప్పొద్దండి."

బస్ స్టాండ్‌లో నంజుండప్ప కాఫీకి పిలిచాడు. వినపడనట్టు ఎండలో నిలబడ్డాను.

జూలై 2

ఏమీ రాయను.

జూలై 3

నేత్ర స్నానానికి పోయినప్పుడు ఆమె ఫోన్లో నా పేరు కొట్టి చూశాను.

తెరుచుకోలేదు.

నాకు కోపం వచ్చింది. పెళ్లై ఇన్నేళ్లయింది, నా పేరు పెట్టుకోవడానికి ఏం రోగం అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఫోన్ ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టాను, జిడ్డు మరక కూడా చొక్కాతో తుడిచాను, దొంగ తుడిచినట్టు. ఆ తరువాత గుర్తొచ్చింది, మునేష్ కంటే నేను ఎక్కువా తక్కువా అని. అతనికి ఆడవాళ్ల ఫోన్లు తెరవకూడదని ఎవరూ క్లాసు చెప్పలేదు. నేను క్లాసులు చెబుతాను.

జూలై 5

సవితకు చెప్పేశాను.

మళ్లీ బూదికోట. ఈసారి మునేష్ ఇంట్లో లేడు, పురుగులు గూళ్లు అల్లడానికి చంద్రికలు, ఆ వెదురు తట్టలు, అరువు తేవడానికి పోయాడు. అక్కయమ్మ గడపలో రాగులు చెరుగుతోంది. సవిత పురుగులకు ఆకు వేస్తోంది. చేతులు ఆపలేదు. నేను నిలబడే చెప్పాను. హ్యాకర్ లేడు, చైనా లేదు అన్నాను. మీ బీగాలు ఏమిటో చూసి, మార్పించకుండా పోయి, హోటల్లో కూర్చుని నవ్వులాటకు చెప్పానన్నాను. ఆఫీసులో చెప్పాను, బైరకూరులో చెప్పాను. అది మీ ఆయన చెవిలో పడింది. తప్పు నాది, నీదేమీ కాదు.

"తెలుసు సార్" అంది సవిత.

"ఎప్పటి నుంచి?"

"ఆ ఫోటో చూపించినారే, ఆ పొద్దు. పురుగులున్నాయని రాసేదానికి మా ఇంట్లో కాకుండా ఇంగెవురుండారు? మీరు చైనా గీనా అంటా ఉంటే, పాపం సార్‌కు సిగ్గేమో అని ఊరకుండినాను."

ఆ రోజు నన్ను కాపాడుతున్నది ఆమె. నేను కాదు.

"ఆ పేరు ఎందుకు పెట్టినావమ్మా? నీకు తెలియదా?" అన్నాను, తప్పులో ఒక ముక్కైనా ఆమె చేతిలో పెడదామని. బుద్ధి ఎక్కడికి పోతుంది.

"అత్త పక్కనే కూర్చోనుండె. ఏం పెట్టినావే అంటే చూపించాల గదా. అత్తకు చూపించేదానికి వేరే ఏం మాట ఉండాది సార్ నా దగ్గర?"

గడపలో చేట చప్పుడు ఆగింది. అక్కయమ్మ తల ఎత్తలేదు. కాసేపటికి మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

ఫ్యాక్టరీ అమ్మాయితో పొద్దున్నే మళ్లీ మాట్లాడానని చెప్పాను. వచ్చే బ్యాచికి తీసుకోవచ్చు, కానీ ఆ జవాబు సవిత పంపింది కాదని, ఎవరు పంపారో, ఎందుకు పంపారో ట్రైనింగ్ ఇచ్చినవాళ్లు రాసి ఇవ్వాలి. "ఇప్పుడే రాస్తాను. భర్త మునేష్ తెలియక పంపించాడని..."

"ఆయప్ప పేరు రాయొద్దండి."

"మరి?"

"రక్షిత ఆ బస్సులోనే పోతా ఉండాది సార్. ఇంగా నలుగురు ఈ పక్క ఊర్లోళ్లు. ఈ పొద్దు రాస్తే రేపు బస్సంతా తెలుస్తాది. ఇప్పుటికే బీగమంటారు. ఇంగ అది గూడా అనిపించుకోవాల్నా? ఆయప్పతో నేను మాట్లాడుకుంటాను. అది మా ఇంటి మాట."

"ఎవరో ఒకరి పేరు రాయాలి కదమ్మా. ఎవరి పేరు రాసేది?"

సవిత అప్పుడు చేతులు ఆపింది. ఆకు పచ్చదనం అంటిన వేళ్లు చీరకు తుడుచుకుంది.

"మీది రాయండి" అంది.

జూలై 6

పొద్దుటి నుంచి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదాంట్లో సాంకేతిక లోపం అని రాశాను. రెండోదాంట్లో మా ట్రైనింగులో జరిగిన పొరపాటు అని, ఎవరిదో తెలియకుండా, గాల్లో దీపంలా. ఫ్యాక్టరీ అమ్మాయికి ఫోన్ చేసి ఇది చాలుతుందా అని అడిగాను. పేరు కావాలి సార్, మీ ఆఫీసుకు కూడా ఒక కాపీ పంపాలి అంది.

ఓబలప్ప సార్‌కు కాపీ. అంటే నా పని పోయినట్టే. ఈ వయసులో రాబర్ట్‌సన్‌పేటలో ఇంకొకరు పిలిచి క్లాసులివ్వరు. కనీసం ముందుగా ఆయనకు నిజం చెప్పుకుందామా అనిపించింది. చెబితే, మునేష్ పేరు చెప్పాలి. చెబితే, ఆయన ఎవరికీ చెప్పడా? నేను చెప్పలేదా?

మూడోది పంపాను. సవిత గారి ఫోన్ సరిచేస్తూ ఆ మెసేజ్ చదివి, నాకు సంబంధం లేని విషయంలో తలదూర్చి, ఆమెకు తెలియకుండా ఆ జవాబు పంపింది నేనే, తుడిచేసింది నేనే, ఇట్లు పురుషోత్తమ్.

పంపాక మళ్లీ చదివాను. వేలు నాది కాదు. మిగతాదంతా నేను చేసిందే అనిపించింది.

జూలై 8

ఓబలప్ప సార్ పిలిచాడు. కూర్చోమనలేదు. "నువ్వు భద్రత చెప్పేవాడివి గదయ్యా" అన్నాడు. ఆ ఒక్క మాటే. ప్రొజెక్టరు, ఆఫీసు బీగం చెవి బల్ల మీద పెట్టి వచ్చాను. గోడ మీద ఇంకా నా స్లైడు కాగితం అతికించి ఉంది, మొగుళ్ల పేర్ల స్లైడు. చింపి జేబులో వేసుకున్నాను.

జూలై 10

మార్కెట్లో నేత్రకు ఎవరో చెప్పారు. బూదికోటలో ఒక ఆడమనిషి ఫోన్లో మీ ఆయన ఏదో రాసి ఆమె పని పోగొట్టాడంట అని. కూరల సంచి దించకుండానే అడిగింది.

"నిజమేనా?"

"నిజమే."

అప్పుడు సంచి దించింది. "మీరు రాసినారంటే నేను నమ్మను. మీరు చెప్పినారంటే నమ్ముతాను" అంది.

ఏం చెప్పానని, ఎవరికని అడగలేదు. నా నోటి సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసు. నంజుండప్ప హోటల్లో ఇప్పుడు నందీశ్ చెప్పేది నా కథట. బీగం మునేష్ పోయి, మెసేజ్ సార్ వచ్చాడట. నవ్వుకుంటున్నారని చెబుతున్నప్పుడు నేత్ర కళ్లలో నీళ్లున్నాయి. నాకు అదే ఎక్కువ సిగ్గేసింది, ఊరంతా నవ్వడం కంటే. నిజం చెబుదామని నోటిదాకా వచ్చింది. మింగాను. వంకాయలు తరిగి ఇచ్చాను.

జూలై 15

సవిత నుంచి ఫోన్ రాలేదు. నేనూ చెయ్యలేదు. ఫ్యాక్టరీవాళ్లు ఆమెను నిజంగా పిలిచారో లేదో కనుక్కునే హక్కు నాకుందా?

జూలై 21

పొద్దున తెలియని నంబర్. అక్కయమ్మ.

"పురుషోత్తమప్పా, బాగుండావా? కోడలు బస్సెక్కింది."

నేను గోడకు ఆనుకున్నాను.

"రెండు దినాలు నా కొడుకు మాట్లాడలేదు. మూడోదినం వాడే చెన్నమ్మ మనవరాలిని కూలికి పిలిచినాడు ఆకు కోసేదానికి. ఈ పొద్దు తెల్లారే లేసి బస్సు దాకా పోయినాడు. కార్డు ఇంగా ఈలేదంట, వారం పడుతాదంట. అది కాదప్పా నేను పిలిచింది. నా ఫోన్ బీగం మార్చాల. ఎట్ల మార్చేది?"

చెప్పాను. చక్రం గుర్తు నొక్కమన్నాను. ఎక్కడుందని అడిగింది. కిందికి జరపమన్నాను. జరిగిందంది. పాత మాట కొట్టమంటుందమ్మా అన్నాను. ఆ ముసలామె మొగుడి పెద్ద పేరు ఒక్కొక్క అక్షరం వెతికి కొడుతుంటే కాచుకున్నాను. "ఇప్పుడు కొత్త మాట అడుగుతుంది" అన్నాను. "ఏం పెట్టాలంటే..."

"ఎట్ల మార్చేదో చెప్పినావు, చాలప్పా" అంది అక్కయమ్మ. "ఏం పెట్టేదో మాత్రం నువ్వు చెప్పొద్దు."

నోరు మూసుకున్నాను. అటు నుంచి గాజుల చప్పుడు వస్తోంది, వేలితో తెర మీద మెల్లగా కొడుతున్న చప్పుడు. ఎక్కడో దూరంగా ఆవు అరిచింది. చాలాసేపు పట్టింది. ఫోన్ చెవికి పెట్టుకునే నిలబడ్డాను.

"అయింది" అంది.

ఏం పెట్టిందని నేను అడగలేదు.